నీళ్ళు దిగిన ఊరగాయ

ఫిల్మ్ నగర్, హైదరాబాద్
4 మార్చి 2025

బావగారికి గోపాలకృష్ణ నమస్కరించి వ్రాయునది.

మీరు తాడేపల్లిగూడెం దాకా వెళ్ళి పోస్టు చేసిన ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేరింది. మీరు కోరినట్టే జవాబును ఇంటికి కాక అక్కడున్న మీ మిత్రులు రామకృష్ణగారి ఉల్లిపాయల కొట్టుకు పంపుతున్నాను. నిడదవోలు పోస్టాఫీసులో ఉన్నవారందరూ అక్కయ్య దగ్గర పని నేర్చుకున్నవారే. ముప్పై ఆరేళ్ళు తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరైన మనిషి కళ్ళుగప్పి ఆ ఊళ్ళో ఒక కవరు డబ్బాలో వేయడం అసాధ్యమని నేనూ ఒప్పుకుంటాను. ఫోను చేద్దామంటే మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆమే ఎత్తుతుంది. ఎత్తి, "ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందా? లేదుగా. అయితే ఉత్తరం రాయి" అని పెట్టేస్తుంది.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గ్రహించిన విషయాలు ఇవి:

1. జనవరి 20న రాజమండ్రిలో అక్కయ్యకు మొలల ఆపరేషన్ జరిగింది. మాకు మాత్రం రిటైర్డ్ తపాలా ఉద్యోగుల సభకు వెళ్తున్నానని రాసింది. (తిరిగి వచ్చాక ఆ సభ గురించి నాలుగు పేజీలు కూడా రాసింది. అధ్యక్షుని ఉపన్యాసం చాలా సాగిందనీ, కూర్చోలేకపోయాననీ అందులో ఉంది. ఆ ఒక్క వాక్యం నిజమని ఇప్పుడు తెలిసింది.)

2. ఆరు నెలలు కారం ముట్టకూడదు. ముట్టుకుంటే రెండో ఆపరేషన్ తప్పదని డాక్టరుగారు చెప్పారు.

3. ఆమె కారం మానేసింది. దానితోపాటు అన్నమూ మానేసింది. ఊరగాయ లేని ముద్ద గొంతు దిగడం లేదని రెండు ముద్దలు పెరుగన్నం తిని లేస్తోంది. ఏడు కిలోలు తగ్గింది.

4. తమ్ముడికి తెలిస్తే తల ఎత్తుకోలేనని ఆమె అంటోంది. తెలియకపోతే మనిషి మిగలదని మీరు అంటున్నారు.

కాబట్టి నాకు ఏమీ తెలియదు. అయినా ఏదో ఒకటి చేయాలి. ఇందుకు నాకు తోచిన ఉపాయం రాస్తున్నాను. రాజుల కత్తులూ, సింహాసనాలూ, పాత టెలిఫోన్లూ దాచే మా సినిమా సామాన్ల గోడౌన్ మేడ మీద ఈ ఏడు పద్నాలుగు కుండీల్లో కీర దోస పాదులు పెట్టాను. కాయలు దిగుతున్నాయి. కారం, నూనె లేకుండా కీర దోసతో చేసి ఫ్రిజ్‌లో దాచుకునే ఊరగాయ ఒకటుంది. నాకు నేర్పినవారు ఎవరూ లేరు గనుక మూడు పుస్తకాలు చదివి, పదకొండు వీడియోలు చూసి, పద్ధతిని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. అందులో పులుపు ఉంటుంది. ఆ పులుపు అక్కయ్యకు పనికి వస్తుందో రాదో డాక్టరుగారిని అడగండి. సరేనంటే కార్డు మీద "ఉల్లిపాయలు బాగున్నాయి" అనీ, వద్దంటే "ఉల్లిపాయలు కుళ్ళాయి" అనీ రాయండి. వేరే మాట ఒక్కటీ వద్దు.

ఉంటాను,
మీ బావమరిది
గోపాలకృష్ణ


ఫిల్మ్ నగర్
17 మార్చి 2025

అక్కయ్యకు,

నమస్కారం. ఇక్కడ నేనూ మనోజా క్షేమం. ఎండలు అప్పుడే ముదిరాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడితే ఆటోలో కూర్చున్న మనిషి దిగేసరికి సగం ఎండిపోతాడు.

ఈ మధ్య నాకు ఒక కొత్త వ్యాపకం పట్టుకుంది. ప్రత్యేక కారణమేమీ లేదు. ఏ కారణమూ లేదు. మేడ మీద కాసిన కీర దోసకాయలతో ఒక ఊరగాయ చేస్తున్నాను. ఊరగాయల విషయంలో నీకన్నా తెలిసినవారు మన వంశంలో లేరు గనుక పద్ధతిని నీ ముందు పెడుతున్నాను. తప్పులుంటే దిద్దగలవు.

1. కాయలు తెల్లవారగానే కోయాలి. వేలెడంత పొడవు దాటనివ్వకూడదు.

2. పువ్వు రాలిన వైపు కొసను తప్పనిసరిగా కోసి పారేసి, మిగతాది చక్రాలుగా తరగాలి. ఆ కొస ఉంటే ముక్క మెత్తబడుతుంది.

3. గాజు సీసాలను మరుగుతున్న నీళ్ళలో పది నిమిషాలు ఉంచి తీసి బోర్లించాలి.

4. రెండు గ్లాసుల నీళ్ళు, రెండు గ్లాసుల వెనిగర్, రెండు చెంచాల ఉప్పు, ఒక చెంచా పంచదార కలిపి మరిగించి చల్లార్చాలి.

5. ముక్కలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఆవాలు, సోంపు వాసన వేసే సోయికూర ఒక రెమ్మ సీసాలో పేర్చి, పై నీళ్ళు ముక్క మునిగేదాకా పోయాలి.

6. మూత బిగించి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి. తరువాత నెల రోజులు నిలవ ఉంటుంది.

సోయికూర కోసం ఎర్రగడ్డ రైతుబజారుకు మూడుసార్లు తిరిగాను. అమ్మే ఆవిడ "ఏంది సారు, రోజు ఇదే కొంటున్నవ్, ఇంట్ల బాలింత ఉన్నదా?" అని అడిగింది. మనోజకు ఒక్కటే అభ్యంతరం. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకు చోటు లేదట.

నీ అభిప్రాయం కోసం చూస్తుంటాను.

నీ తమ్ముడు
గోపి


నిడదవోలు
24-3-2025

చిరంజీవి గోపికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం 20వ తేదీ అందింది. పిన్ కోడ్‌లో ఒకటి ఏడులా ఉంది. మా పోస్టాఫీసు పిల్లలకు నీ రాత తెలుసు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి ఇంకో జిల్లా తిరుగుతూ ఉండేది. స్టాంపు కూడా వంకరగా అంటించావు. సినిమావాళ్ళ దగ్గర పనిచేస్తే అంతే కాబోలు.

ఇక ఊరగాయ. ఒరేయ్, నీళ్ళేమిట్రా?

ఆవకాయ పెట్టే రోజు నేను తలస్నానం చేసి జుట్టు పూర్తిగా ఆరేదాకా వంటింటి గడప తొక్కను. ముక్కలు తుడిచే గుడ్డని ముందు ఇంకో గుడ్డతో తుడుస్తాను. మీ బావ ఆ రోజు దగ్గినా తుమ్మినా వీధిలోకి వెళ్ళాల్సిందే. ఇంత చేసేది ఎందుకు? ఒక్క నీటి చుక్క పడకూడదని. నువ్వు రెండు గ్లాసులు పోస్తున్నావు. అదీ కొలిచి! చెయ్యి జారి పడ్డాయంటే క్షమించేదాన్ని. ఫ్రిజ్‌లో పెడితేగానీ బతకని ఊరగాయ ఊరగాయేనా? ఐసీయూలో పేషెంటులా ఉంది.

ఆ ఉత్తరం మూడోసారి చదివాక నాకు అసలు సంగతి తట్టింది. నూనె లేదు, కారం లేదు, ఆవపిండి లేదు. ఉన్నవి ఉప్పూ నీళ్ళూ. "ప్రత్యేక కారణమేమీ లేదు" అని ఒకసారి రాసి, "ఏ కారణమూ లేదు" అని ఇంకోసారి రాశావు. ఒరేయ్ గోపీ, ఉద్యోగం ఉందా పోయిందా? షూటింగులు ఆగాయని టీవీలో చెప్పారు. మనోజ ఇంట్లోనే ఉందా, పుట్టింటికి వెళ్ళిందా? నీ ఉత్తరం మొత్తంలో ఆ పిల్ల ఊసు రెండు చోట్లే ఉంది, రెండోది ఫ్రిజ్‌లో చోటు లేదని. అక్క దగ్గర దాస్తావురా? ఇంట్లోవాళ్ళ దగ్గర దాచే బుద్ధి మన వంశంలో ఎవరికీ లేదు.

ఇవాళే పార్సిల్ చేశాను. నువ్వుల నూనె రెండు కిలోలు, కారం కిలో, ఆవపిండి అర కిలో. ద్రవపదార్థాలకు నిబంధన ఉంది కాబట్టి డబ్బా చుట్టూ రంపప్పొట్టు కూరాను. విప్పేటప్పుడు ఫ్యాను ఆపు.

నా ఆరోగ్యం దివ్యంగా ఉంది. రోజూ పాత ఆవకాయ ఎర్రగా కలుపుకుని తింటున్నాను. దిష్టి తగులుతుందని మీ బావే అంటున్నారు. ఆయన వరసే బాగాలేదు. వారానికి రెండుసార్లు ఉల్లిపాయలకని గూడెం వెళ్తున్నారు. మేమున్నది ఇద్దరం. ఇంట్లో ఇరవై ఎనిమిది కిలోల ఉల్లిపాయలున్నాయి. మంచం కిందికి కూడా వచ్చాయి.

ఆశీర్వదిస్తూ,
జ్ఞానప్రసూనాంబ
సబ్ పోస్ట్‌మాస్టర్ (రిటైర్డ్)


ఫిల్మ్ నగర్
1 ఏప్రిల్ 2025

అక్కయ్యకు నమస్కారం.

పార్సిల్ భద్రంగా అందింది. ఫ్యాను ఆపాను. మనోజ ఉక్కపోస్తోందని ఏసీ వేసింది. రంపప్పొట్టు మూడు గదుల్లోకీ వెళ్ళింది.

నీ అనుమానాలకు వరుసగా సమాధానాలు: ఉద్యోగం ఉంది. మనోజ ఉంది. నూనె, కారం ముందే ఉన్నాయి, ఇప్పుడు మరీ ఉన్నాయి. కారం లేకుండా చేయడం కేవలం అభిరుచి. మనిషికి అరవై దాటాక కారం తగ్గించడం మేలని ఒక పుస్తకంలో చదివాను. ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు. నువ్వు రోజూ ఆవకాయ ఎర్రగా కలుపుకుంటున్నానని రాసిన వాక్యం మాత్రం నన్ను కొంత కలవరపెట్టింది. అదీ ఊరికే.

మొదటి విడత మూడు సీసాలు నీకు పంపాలనుకున్నాను గానీ అవి సినిమాలో నటించాయి. జరిగింది చెబుతాను. ఇంటి ఫ్రిజ్ నిండిందని వాటిని గోడౌన్ ఫ్రిజ్‌లో పెట్టాను. బాబీ అని ఒక అసిస్టెంట్ డైరెక్టరు పుర్రెల కోసం వచ్చి, ఫ్రిజ్ తెరిచి, "అన్నా, ఇవేంటన్నా ఇంత గ్రీన్‌గా ఉన్నాయి! విలన్ ల్యాబ్‌కి సరిగ్గా సరిపోతాయి" అని నేను భోజనానికి వెళ్ళిన సమయంలో ఎత్తుకుపోయాడు. నేను వెళ్ళేసరికి అవి ప్రయోగశాల అరలో, వెనక నుంచి లైటు పడుతూ, ఏదో జంతువు అవయవాల్లా వెలుగుతున్నాయి. తీసుకోబోతే బాబీ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "కంటిన్యుటీ అన్నా! షాట్ తీసేశాం. సీన్ అయ్యేదాకా అవి అంగుళం కదలకూడదు." నిన్న ఉన్నది నేడూ అక్కడే ఉండాలన్న నియమాన్ని ఆ కుర్రాడికి నేర్పినది నేనే. అయిదు రోజులు ఆ లైట్ల వేడికి మగ్గాయి. అయిదో రోజు విలన్ ప్రపంచాన్ని నాశనం చేస్తానంటుండగా ఒక సీసా మూత టప్పున ఎగిరింది. డైరెక్టరుగారు చాలా బాగుందని ఓకే చేశారు.

రెండో విడతను మా సామాన్ల వ్యాను డ్రైవరు భిక్షంతో పంపుతున్నాను. పాట చిత్రీకరణకు మా యూనిట్ కొవ్వూరు వస్తోంది. పద్దెనిమిదో తేదీ దాకా అక్కడే ఉంటుంది. భిక్షం రహమత్ నగర్ మనిషి, నమ్మకస్తుడు. సీసాను కూల్‌డ్రింకుల ఐసు పెట్టెలో ఉంచి తెస్తాడు. నీ వంతు పనులు మూడే. రాగానే ఫ్రిజ్‌లో పెట్టు. పొడి చెంచా వాడు. పెరుగన్నంలో రెండు ముక్కలు నంజుకుని, ఎన్ని ముద్దలు తినగలిగావో రాయి. ముద్దల లెక్క ఎందుకని అడగవద్దు. అభిరుచి.

నీ తమ్ముడు
గోపి


నిడదవోలు
10-4-2025

చిరంజీవి గోపికి,

నీ సీసా అయిదో తేదీ అందింది. ఆ భిక్షం తలుపు కొట్టి, ఐసు పెట్టెని పసిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాడు. మంచినీళ్ళు తాగు నాయనా అంటే, "ముందుగాల ఇది ఫ్రిజ్‌ల పెట్టుండ్రమ్మా. పెట్టినంక నా కండ్లతోని చూసి సారుకు ఫోన్ జెయ్యాలె. సారు గట్లనే చెప్పిండు" అన్నాడు. చూపించాను. తలుపు మూశాక లోపల లైటు ఆరుతుందా లేదా అని కూడా అడిగాడు. నీ శిష్యుడే.

అతను వెళ్ళాక సీసా తీసి చూశాను. ఒరేయ్, నీ మనసు కష్టపెట్టుకోకు. దార్లో జరగరానిది జరిగింది. ఐసు కరిగి సీసాలోకి దిగిపోయింది. మెడ దాకా నీళ్ళే! నువ్వు రెండు గ్లాసులే పోశానని రాశావు, ఇందులో అంతకు రెట్టింపు ఉన్నాయి. పాపం అతన్ని ఏమీ అనకు, తెలిసి చేసింది కాదు.

కంగారు పడకు. ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా. ఇంకొకరైతే పారబోసేవారు. నేను ముక్కలన్నీ జల్లెట్లో వేసి వంచాను. పాత పంచె తెల్లగా ఉతికింది ఉంటే మేడ మీద పరిచి మూడు రోజులు ఎండబెట్టాను. కాకులు రాకుండా కాపలా కూర్చున్నాను. కూర్చున్నాను అంటే నిలబడ్డాను. ఎండకి ముక్క గట్టిపడి, చెవి కమ్మలా చక్కగా ముడుచుకుంది. వెనిగర్ పులుపు పట్టి ఉంది కాబట్టి నిమ్మరసం అక్కర్లేకపోయింది. నిన్న శుభ్రంగా ఆవపిండి, కారం, నూనె కలిపి జాడీకి ఎత్తాను. ఎంత ఎర్రగా ఉందనుకున్నావు! ఇప్పుడది మనింటి ఊరగాయ. నీ పరువు నిలబెట్టాను.

పది రోజులు ఊరాలి. ఇరవయ్యో తేదీ ఆదివారం మూత తీసి, వేడన్నంలో కలుపుకుని, నువ్వడిగిన ముద్దల లెక్క రాస్తాను.

ఆశీర్వదిస్తూ,
అక్క


ఫిల్మ్ నగర్
15 ఏప్రిల్ 2025
(స్పీడ్ పోస్టు)

అక్కయ్యా,

ఆ జాడీ మూత తీయవద్దు. తీసినా ముట్టవద్దు. నీ ఉత్తరం శనివారం సాయంత్రం చూశాను, మర్నాడు ఆదివారం, నిన్న సెలవు, ఫోను చేస్తే నువ్వు ప్రాణం మీదికొచ్చిందా అని అడిగావు, అవునని నేను చెప్పేలోపే ఉత్తరం రాయమని పెట్టేశావు, తరువాత పదిహేడుసార్లు చేశాను, ఎత్తలేదు.

నిజం చెబుతున్నాను. ఆ ముక్కల మీద కిరసనాయిలు పడింది. నీకు తెలియదేమో, సెట్ మీద పెట్టే పళ్ళు, స్వీట్లు షాట్ అయ్యేలోపు ఎవరూ తినకుండా వాటి మీద కిరసనాయిలు చల్లడం ఇక్కడ ఉన్న అలవాటే. ఆ అలవాటు ప్రకారం పొరపాటున నా సీసాలో కూడా, నేను చూడని సమయంలో, అంటే చూశాను గానీ అప్పుడు గుర్తులేదు, ఎవరో చల్లారు. చాలా ప్రమాదం. ముఖ్యంగా అరవై దాటినవారికి. ముఖ్యంగా కారంతో కలిస్తే. కారం లేకుండా అయితే ఫర్వాలేదు. కాదు, ఎలా అయినా ప్రమాదమే.

రేపు భిక్షం వచ్చి జాడీ తీసుకువెళ్తాడు. దయచేసి అతనికి ఇచ్చెయ్యి. బావగారికి కూడా పెట్టకు. నేను ఇంకో సీసా చేసి పంపుతాను. ఎన్నయినా చేసి పంపుతాను. అందులో నీళ్ళు ఉంటాయి. ఆ నీళ్ళు ఉండవలసినవే అక్కయ్యా, అవి దిగినవి కావు, నేను పోసినవి.

గోపి


నిడదవోలు
21-4-2025

చిరంజీవి గోపికి,

నీ స్పీడ్ పోస్టు పదిహేడున అందింది. భిక్షం పదహారునే వచ్చాడు. అంటే నీ అబద్ధం నీ మనిషి కన్నా ఒక రోజు ఆలస్యంగా చేరింది. అబద్ధమాడేవాడు తపాలా వేళలు చూసుకోవాలి.

గుమ్మంలో నిలబడి, "అమ్మా, జాడీ వాపస్ ఇయ్యాలె" అన్నాడు. ఎందుకన్నాను. "కిరసనాయిలు పడ్డదంట." జాడీ తెచ్చి మూత తీసి అతని ముక్కు కింద పెట్టాను.

"ఏం వాసన వస్తోంది?"

"ఆవపిండి వాసనమ్మా. నోట్ల నీళ్ళూరుతున్నయ్."

"కిరసనాయిలు?"

"లేదమ్మా."

"మరి?"

నేల చూశాడు. ముప్పై ఆరేళ్ళు కౌంటర్లో కూర్చున్నదాన్ని, ఎదుటివాడు మాట మింగితే ఆ చప్పుడు నాకు వినపడుతుంది. "చెప్పకపోతే అన్నం పెట్టను" అన్నాను. అంతే, మొత్తం కక్కేశాడు. "అమ్మా, మీరు కారం తినొద్దంట గద. మీకు గా... గది... ఆపరేషన్ అయిందంట. సారు శనివారం సంది ఫోన్ల మీద ఫోన్లు. ఏడుస్తున్నడమ్మా. మీరు జర ఫికర్ జెయ్యకుండ్రి. మా మామకు గిట్లనే అయితే ఆర్నెల్లు పెరుగన్నమే తిన్నడు. ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నడు."

సైకిల్ తొక్కుతున్నాడట! భూమి చీలితే బాగుండుననిపించింది. నా సొంత తమ్ముడికి చెప్పుకోలేక నాలుగు పేజీల సభ కల్పించి రాశానే, ఆ సంగతి ఇవాళ రహమత్ నగర్ దాకా తెలుసు. వాళ్ళ మామకి కూడా తెలిసే ఉంటుంది.

కోపం తీరేదాకా నాలుగైదు రోజులు కాగితం ముట్టలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఆ జాడీలోది తినలేదురా. తినాలనీ కాదు. ఎర్రగా కలిపి, వాసన చూసి, మూత పెట్టడానికే చేశాను. పాత ఆవకాయతో కూడా మూడు నెలలుగా అదే చేస్తున్నాను. రోజూ అన్నం ముందు జాడీ మూత తీస్తాను, వాసన చూస్తాను, మూసి, చప్పిడి మెతుకులు రెండు మింగి లేస్తాను. ఎర్రగా కలుపుకుంటున్నానని నీకు రాసింది అబద్ధం. ఇంట్లోవాళ్ళ దగ్గర దాచే బుద్ధి ఎవరికీ లేదని రాసింది అంతకన్నా పెద్ద అబద్ధం. ఇంటిల్లిపాదికీ అదే బుద్ధి. మీ బావ సంగతి చెప్పనా? నీ చేతిరాత కవరు ఉల్లిపాయల కొట్టుకి వెళ్తోందని గూడెం సార్టింగ్‌లో ఉండే సత్యలక్ష్మి మార్చిలోనే నోరు జారింది. నోరు జారినందుకు దాన్ని చివాట్లు పెట్టాను. ఆయన్ని మాత్రం అడగలేదు. పరుల ఉత్తరం గురించి అడగడం నా సర్వీసులో లేదు.

జాడీలో ఊరగాయ సగం భిక్షమే తిన్నాడు. అయిదుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. "సారు జేసింది గీ ముక్కనేనా? మస్తున్నది. సీసాల ఉన్నప్పుడు ఒకటి తిన్నమ్మా, సప్పగుండె" అన్నాడు. దార్లో ఒక ముక్క తగ్గింది, నీ కంటిన్యుటీలో రాసుకో.

ఇంకొక సంగతి చెప్పాలి. ఎలా రాయాలో తెలియడం లేదు.

ముక్కలు వంచినప్పుడు ఆ నీళ్ళు పారబోయడానికి చెయ్యి రాలేదు. ఉప్పూ పంచదారా వేసినవి కదా అని గిన్నెలోకి పట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. వారం రోజులు అక్కడే ఉన్నాయి. పన్నెండో తేదీ మీ బావ ఉల్లిపాయలకి వెళ్ళారు. ఒక్కదాన్నే పెరుగన్నం కలుపుకుని కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను, దిండు వేసుకుని. రెండో ముద్ద దగ్గర ఆగిపోయింది. ఎవరూ చూడటం లేదు కదా అని ఆ నీళ్ళు ఒక గరిటె పోసుకున్నాను.

గోపీ, నీకు నాలుగేళ్ళప్పుడు సంగతి. నాకు ఇరవై. కారం తింటే ఏడ్చేవాడివి, ఆవకాయ పెట్టకపోతే ఇంకా ఏడ్చేవాడివి. అమ్మ విసుక్కునేది. నేను గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చుకుని, ఆవకాయ ముక్కని అందులో ముంచి, ఎరుపంతా పోయేదాకా కడిగి నీ కంచంలో పెట్టేదాన్ని. నువ్వు ముక్క తిని ఊరుకునేవాడివి కాదు. గ్లాసులో ఎర్రటి నీళ్ళు కూడా పెరుగన్నంలో పోయమనేవాడివి. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా అంతా తినేవాడివి.

ఆ గరిటె నీళ్ళు నోట్లో పడగానే నాకు ఆ గ్లాసు కనపడింది. ఇన్నేళ్ళకి నువ్వు నాకు ముక్క కడిగి పంపావు. నేనేమో అది ఎండబెట్టి మళ్ళీ కారం పూశాను.

నువ్వు ముద్దల లెక్క అడిగావు. ఆ రోజు తొమ్మిది. మర్నాడు పదకొండు. పద్దెనిమిదో తేదీకి గిన్నె అడుగు కనపడింది. అందుకనే ఈ ఉత్తరం. ఇక నీ పద్ధతిలోనే చెబుతాను.

1. నా ఆపరేషన్ మాట ఇక మన వంశంలో ఎవరూ ఎత్తకూడదు. వాళ్ళ మామకి కూడా చెప్పు.

2. నాకు అంతా తెలిసిపోయిందని మీ బావకి తెలియనివ్వకు. ఉల్లిపాయల కొట్టుకి ఉత్తరాలు రాస్తూనే ఉండు. ఆ బస్సు ప్రయాణం ఆయనకి సరదాగా ఉంది, రంగు వచ్చారు. ఉల్లిపాయలు కొనడం మాత్రం మానమని రాయి.

3. వచ్చే నెల ఆవకాయ పెడతాను. ఈ ఏడు నేను రుచి చూడలేను కాబట్టి ఉప్పు చూడటానికి మీ బావని కూర్చోబెడతాను. దగ్గితే వీధిలోకి పంపిస్తాను.

4. అబద్ధం రాసేటప్పుడు కూడా నంబర్లు వేసుకో. నీ స్పీడ్ పోస్టులో ఒక్క నంబరూ లేదు. విప్పగానే తెలిసిపోయింది.

5. నువ్వు చేసినది ఊరగాయ కాదు. ఆ మాట మీద నేను చచ్చేదాకా నిలబడతాను. సీసా మీద ఊరగాయ అని లేబుల్ వేస్తే తిప్పి పంపేస్తాను.

భిక్షం మళ్ళీ ఎప్పుడు ఇటు వస్తాడో రాయి. ఖాళీ సీసా కడిగి, ఆరబెట్టి, సిద్ధంగా పెట్టాను.

ఆశీర్వదిస్తూ,
అక్క

తా.క.: ఈసారి నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పంపు.